పుట్టకముందే బాప్తిస్మం

ఎనభైల మొదట్లో మేం అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో ఉండేవాళ్లం. ఒకరోజు ఇమ్మిగ్రేషన్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నా గ్రీన్‌కార్డ్ కాగితాల్లో ‘డిస్క్రెపెన్సీ’ ఉందట, వచ్చి వివరించాలట. కార్డు రాకపోతే నా నర్సు ఉద్యోగానికి ఎసరే, మా ఆయనా నేనూ పెట్టెలు సర్దుకోవాల్సిందే.

సంగతేమిటంటే, నాకు బర్త్ సర్టిఫికెట్ లేదు. మా ఊళ్లో ఎవరికుంది గనక? బదులుగా బాప్తిస్మపు సర్టిఫికెట్ పెట్టాను. పాస్టరైన మా నాన్నే నేను నెలల పిల్లగా ఉన్నప్పుడు బాప్తిస్మమిచ్చి రాసిన కాగితం అది. టెన్త్ సర్టిఫికెట్ ప్రకారం మాత్రం నేను అప్పటికింకా పుట్టలేదు. గవర్నమెంటు ఉద్యోగానికి పనికొస్తుందని బళ్లో రెండేళ్లు తగ్గించి వేయించిందీ నాన్నే. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోని తెలివితక్కువదాన్ని నేను.

“మావయ్యగారు చర్చిలో పొరపాటున రాశారని చెప్పేయ్. ఎవడు చెక్ చేస్తాడు? ముందు కార్డు రానీ, తర్వాత ప్రార్థన చేసుకుందాం,” అన్నాడు మా ఆయన. ఆయనకి అన్నీ తేలికే.

‘డిస్క్రెపెన్సీ’ అంటే ఏమిటో చూద్దామని లైబ్రరీలో పెద్ద డిక్షనరీ తీశాను. నేరమో, మోసమో అని ఉంటుందని భయం. తీరా చూస్తే తేడా అని ఉంది. లాటిన్‌లో ఆ మాటకి మూలం చప్పుడట. రెండు చప్పుళ్లు ఒకదానితో ఒకటి కలవకపోవడమట. అక్కడే నిలబడిపోయాను. ఎంత మర్యాద ఉన్న మాట! కలవడం లేదంటుంది గాని ఎవరిది తప్పో అనదు. చర్చి క్వయర్‌లో ఎవరైనా శ్రుతి తప్పితే నాన్న కూడా పేరెత్తకుండా “మళ్లీ పాడదామమ్మా” అనేవారు. ఆ పేజీ వదిలి రావడానికి నాకు మనసొప్పలేదు.

ఆఫీసరు ముసలాయన. రెండు కాగితాలూ, టెన్త్ సర్టిఫికెట్‌తో పాటు నేను జతపరిచిన బడిలో చేర్చినప్పటి ఫారమూ ముందు పెట్టాడు.

“ఫారం మీదా, బాప్తిస్మం కాగితం మీదా ఒకటే సంతకం. ఎవరిది?” అని ఇంగ్లీషులో అడిగాడు.

“మా నాన్నగారిది.”

“ఏది నమ్మమంటారు?”

మా ఆయన నేర్పిన మాట నాలుక చివరే ఉంది. కానీ మోకాళ్ల మీద ప్రార్థన చేసి నాన్న రాసిన రాత తప్పని ఎలా అనను?

“బడిలో రాయించింది అబద్ధం,” అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీశాడు. “అబద్ధమని నేను అనలేదమ్మా. తేడా ఉందన్నానంతే,” అని చర్చి తేదీనే రాసుకున్నాడు.

కార్డు వచ్చింది. నాన్నకి పెద్ద ఉత్తరం రాశాను. దేవుడి కృప అని జవాబిచ్చారు. ఆయన్ని అబద్ధికుడన్నది ఆఫీసరు కాదు, కూతురేనని మాత్రం ఆయన బతికుండగా చెప్పలేకపోయాను.