అర్ఫజ్ చిన్నాయన

మొన్న జనవరిలో ఒక పొద్దున, కువైట్‌లో అహ్మది వెళ్లే కంపెనీ బస్సులో ఉండగా నా ఫోనుకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. రాయచోటి దగ్గరి పల్లె నుంచి ఒక ఆడపిల్ల గొంతు. "అన్నా, నాయన నిన్న మధ్యాన్నం పోయినాడన్నా. నీకు చెప్పమని ముందే చెప్పి పెట్టినాడు." ఇంజను మోతలో సరిగ్గా వినపడలేదేమోనని ఇంకోసారి పెట్టుకుని విన్నాను. సరిగ్గానే విన్నాను. అన్నం తిని మంచం మీద ఒరిగినవాడు మళ్లీ లేవలేదని ఆ తర్వాత ఫోనులో చెప్పింది.

మీలో ఎవరికీ ఆయన తెలియకపోవచ్చు. పేపర్లో పడే మనిషి కాదు. ఇరవై ఆరేళ్లు కువైట్‌లో ఉన్నాడు. మొదటి పదేళ్లు ఎడారిలో, వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, దగ్గర గొర్రెలు, ఒంటెలు మేపాడు. తర్వాత అహ్మదిలో మేం పనిచేసే మొక్కల నర్సరీలో మాలీగా చేరి, పోయినేడాది ఇంటికి వెళ్లిపోయాడు. కడప, రాయచోటి వైపు కుర్రాళ్లంతా చిన్నాయనా అని పిలిచేవారు. నేను కోనసీమ వాణ్ణి కాబట్టి మొదట్లో బాబాయ్ అనేవాణ్ణి.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి, లేకపోతే ఆయన గొప్పదనం మీకు తెలియదు. కడియం నర్సరీల్లో పదేళ్లు పనిచేసి వచ్చినవాణ్ణి. అంటు కట్టడం, విత్తు మొలిపించడం, చీడ పట్టిన మొక్కని బతికించడం నాకు వెన్నతో పెట్టిన విద్య అని నా నమ్మకం. గొర్రెలు మేపుకుని వచ్చిన మనిషి పక్కన నన్ను పనిలో పెట్టినప్పుడు లోపల్లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు.

మేం పెంచాల్సింది అర్ఫజ్. మోకాలెత్తు పొద. చిన్న ఆకులు, వేసవి మొదట్లో ఒళ్లంతా పసుపు పూలు. ఈ దేశపు జాతీయ పుష్పం అదే. ఒకప్పుడు సముద్రం దగ్గరి ఇసుక నేలల నుంచి లోపలి ఎడారి దాకా పరుచుకుని ఉండేదట. జీవాలు మేసీ, చలికాలం గుడారాలు వేసుకునేవాళ్లు పొయ్యిలోకి నరికీ, బండ్లు తొక్కీ చాలాచోట్ల కనపడకుండా పోయింది. దాన్ని మళ్లీ మొలిపించి, సముద్రం వైపు కంచె వేసిన ఒక ఇసుక నేలలో నాటడం మా పని. మా పైన ఒక కువైటీ ఇంజనీరమ్మ ఉండేది. ఈ ప్రజాతిలో ఉన్నవే మూడు నాలుగు రకాలని, ఉత్తర ఆఫ్రికా నుంచి ఇరాన్ దాకా ఇసుక నేలల్లో తప్ప ఇంకెక్కడా పెరగవని ఆవిడ ఒకరోజు చెప్పింది. నేను తెలుగులో చెబితే ఆయన కాసేపు ఆలోచించి, "అంటే చిన్న సంసారమే పాపం. నా అనేవాళ్లు తక్కువ" అన్నాడు.

మొదటి ఏడాది విత్తనాలు నా చేతికిచ్చారు. అర్ఫజ్ ఎండిన పూవే రాలి పడుతుంది, గింజలు దాని కడుపులో ఉంటాయి. నేను బంతి విత్తనాలు చల్లినట్టు ఆ పూలనే ట్రేలలో చల్లి, ఇంత మట్టి కప్పి, పూటపూటా తడిపాను. బూజు తప్ప ఏమీ మొలవలేదు. చిన్నాయన వచ్చి ట్రేలు చూశాడు. తన గదికి వెళ్లి చేట పట్టుకొచ్చాడు. అవును, వెదురు చేటే. సెలవుకి ఇంటికి వెళ్లొచ్చేవాళ్లంతా పచ్చళ్లూ పొడులూ తెచ్చుకుంటే ఈయన పెట్టెలో చేట పెట్టుకొచ్చాడు. ఎయిర్‌పోర్టులో ఇదేమిటని అడిగితే, ఎలా చెప్పాలో తెలియక అక్కడే చెరిగి చూపించాడట. ఎండిన పూలని రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా నలిపాడు. చేటలో పోసి చెరిగితే పొట్టంతా ఎగిరిపోయి గసగసాల కంటే కాస్త పెద్ద గింజలు మిగిలాయి. పదిహేను రోజులకి ట్రేల్లో మొలకలు కనపడ్డాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది, సిగ్గుతో.

"ఇత్తనానికి ఆకలి తక్కువబ్బా, యోచన ఎక్కువ" అన్నాడు ట్రే మీదికి వంగి. "మనం తొందర పెడితే ఇంకా ముడుచుకుంటాది."

చెనిక్కాయ సేద్యం చేసిన కుటుంబం ఆయనది. మూడేళ్లకోసారి వాన పడే నేల. నీళ్లు పోసేముందు వేలు ఇసుకలో రెండో కణుపు దాకా గుచ్చి చూసేవాడు. వేలికి తడి తగిలితే ఆ మొక్కకి ఆ వారం చుక్క లేదు. నా చేతిలో పైపు చూస్తే చాలు, పక్కకి వచ్చి నిలబడేవాడు. "నీది కాలవ చెయ్యబ్బా. తీసేది తెలుసు, మూసేది తెలీదు" అని ఎకసెక్కం. శుక్రవారం సంగటి కెలికి పిలిచేవాడు. మా వైపు మనుషులకి అన్నం మెత్తగా లేకపోతే గొంతు దిగదని, మొక్కలకీ అదే అలవాటు చేస్తామని ముద్ద ముద్దకీ ఒక మాట అనేవాడు. నేను పడేవాణ్ణి. ఆ సంగటిలోకి చేసే పచ్చడి కోసం ఏ మాటైనా పడొచ్చు.

రెండో చలికాలంలో, తొలి వాన పడిన వారానికి, ఆ మొక్కలన్నీ తీసుకెళ్లి కంచె లోపల నాటాం. వసంతం దాకా కళకళలాడాయి. ఎండలు ముదిరేసరికి ఒక్కొక్కటే ఆకు రాల్చడం మొదలుపెట్టాయి. జూన్ నెలాఖరుకి నేల మీద పుల్లలు మిగిలాయి, పట్టుకుంటే విరిగేటట్టు. ఇంజనీరమ్మ పెద్ద ఆఫీసరుని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన ఒక పుల్ల విరిచి చూసి, ఇవన్నీ చచ్చిపోయాయి, పీకేసి వేరే కంపెనీకి ఇచ్చి నీటి పైపులతో వేరే చెట్లు పెట్టిద్దాం అన్నాడు. ఆవిడ మా వైపు చూసింది. మా సూపర్‌వైజరు నేల చూపులు చూశాడు. చిన్నాయన ముందుకు వెళ్లాడు.

"హాదా మాఫీ మౌత్, మేడం" అన్నాడు. "హాదా నౌమ్."

ఇది చావు కాదు, నిద్ర అని. ఎడారిలో గొర్రెలు కాచుకున్నప్పటి అరబ్బీ అది, వ్యాకరణం లేదు, వణుకూ లేదు. పదేళ్లు ప్రతి వేసవీ ఇలాగే చూశానని, గొర్రెలు మొదలంటా కొరికేసిన పొద కూడా వాన పడితే లేచిందని, ఒక్క వాన దాకా ఆగమని అడిగాడు. లేవకపోతే ఏం చేద్దామని ఆఫీసరు అడిగాడు. నవంబరులో ఇక్కడ ఉండేందుకు ఇచ్చిన నా ఇఖామా అయిపోతుంది, ఇవి లేవకపోతే కొత్తది చెయ్యొద్దు, ఖలాస్, ఇంటికి పోతాను అన్నాడు చిన్నాయన. ఆయనకి అప్పటికి కూతురి నర్సింగ్ చదువు ఇంకో రెండేళ్లు ఉంది. అది నాకు తెలుసు. ఇంజనీరమ్మ ఇన్షాల్లా అంది. ఈ ఊళ్లో ఆ మాటకి అవునని అర్థం, కాదని అర్థం, చూద్దామని కూడా అర్థం. ఆఫీసరు మాత్రం నవంబరు దాకా ఆగుతానన్నాడు.

ఇక నేను చేసిన ఘనకార్యం వినండి. వేసవిలో మధ్యాహ్నం బయట పని చెయ్యకూడదు కాబట్టి తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండుకల్లా ముగించేవాళ్లం. పొద్దున్నే ట్యాంకరు నా చేతిలోనే ఉండేది. ఆ ఎండు పుల్లలని రోజూ చూడలేకపోయాను. మా ఇంట్లో మొక్క వాడిపోతుంటే అన్నం ముందు నుంచి లేచి వెళ్లి చెంబుడు నీళ్లు పోసే మనుషులం మేం. పైగా ఆయన ఇఖామా సంగతి గుండెల్లో కూర్చుంది. నా వంతు సాయం చేద్దామని, ఎవరికీ చెప్పకుండా, చివరి మూడు వరసలకి జూలై ఆగస్టుల్లో వారానికి రెండుసార్లు నీళ్లు పెట్టాను. వాటిని ముందు లేపి ఆయనకి చూపించాలని నా ఆశ. ఏదేమైనా బతికించాలనే పోశాను, అది మాత్రం నిజం.

అక్టోబరు పొడిగా పోయింది. నవంబరు రెండో వారంలో ఉరుములతో ఒక వాన పడింది. చిన్నాయన రెండు వారాలు కంచె వైపు పోలేదు. నన్నూ పోనివ్వలేదు. నెలాఖరులో ఇంజనీరమ్మతో కలిసి వెళ్లాం. మొదటి వరసలో పుల్ల మొదట్లో ఆవగింజంత ఆకుపచ్చ. పక్క మొక్కకీ అంతే. ఆ పక్కదానికీ. ఆవిడ నడిచేకొద్దీ వేగం పెంచింది, చివరికి దాదాపు పరుగెత్తింది. ఆఖరి మూడు వరసల దగ్గర ఆగిపోయింది. అక్కడ ఒక్కటీ లేవలేదు. పట్టుకుంటే వేరుతో సహా ఊడి వచ్చాయి, వేరు నల్లగా కుళ్లి ఉంది.

ఇవేమయ్యాయని అడిగింది. చిన్నాయన ఒక వేరు వాసన చూశాడు. నా మొహం చూశాడు. నేను కళ్లతోనే బతిమాలాను.

"హాదా తలాతా, హువా మాయ్ వాజిద్" అన్నాడు, నా వైపు చెయ్యి చూపించి. ఈ మూడింటికీ వీడు నీళ్లు ఎక్కువ పోశాడని.

భూమి చీలితే బాగుండుననిపించింది. నా ఉద్యోగం ఆ పూటతో అయిపోయిందనుకున్నాను. ఆయన అక్కడితో ఆగలేదు. సగం అరబ్బీ, సగం ఉర్దూ కలిపి, వచ్చే ఏడాది మొక్కలన్నీ వీడి చేతికే ఇవ్వండి, ఇవి ఎలా చస్తాయో ఇప్పుడు ఇక్కడ వీడికొక్కడికే తెలుసు అన్నాడు. ఇంజనీరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నల్లబడిన ఆ వేరుని కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది. ఆయన ఇఖామా కొత్తదైంది. నా ఉద్యోగమూ పోలేదు.

అయినా నాకు కోపం తగ్గలేదు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. శుక్రవారం సంగటికీ వెళ్లలేదు. ఆయనే గిన్నెలో పెట్టుకుని నా గదికి వచ్చాడు. అందరి ముందూ నా పరువు తీశారు బాబాయ్, ఒక్క మాట దాచితే మీ సొమ్మేం పోయిందండి అని అడిగేశాను. ఆయన గిన్నె కింద పెట్టి నింపాదిగా కూర్చున్నాడు.

"నీ తప్పు నేను మీదేసుకోని ఉంటే, నువ్వు మళ్లా పోస్తావు. ఇప్పుడు పోయవు" అన్నాడు. "నేను ఎల్లకాలం ఈడ ఉండనబ్బా. తిను, చల్లారిపోతాంది."

తిన్నాను. ఆ రోజు నుంచి ఆయన నాకు చిన్నాయన. నన్ను కాపాడినవాళ్లు జీవితంలో చాలామంది ఉన్నారు, వాళ్ల పేర్లు కొన్ని మరిచిపోయాను కూడా. నిజం చెప్పి నన్ను నిలబెట్టినవాడు ఈయన ఒక్కడే. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ నా ఛాతీ కాస్త పొంగుతోంది.

మే నెలలో పూశాయి. ఎకరాలకి ఎకరాలు కాదు, అబద్ధం చెప్పను, కంచె లోపలి ముక్క మాత్రమే. కానీ రోడ్డు మీద పోయే కార్లు ఆగేవి. ఒకరోజు ఇంజనీరమ్మ వాళ్లమ్మని తీసుకొచ్చింది. పెద్దావిడ చిన్న కొమ్మ తుంచి ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కదల్లేదు. చిన్నప్పుడు వాళ్ల గుడారం చుట్టూ ఇదే ఉండేదని చెప్పి, ఎవరు పెంచారని అడిగింది. కూతురు చిన్నాయనని చూపించింది. ఆవిడ ఆయనకి ఏవేవో దీవెనలు చెప్పింది. ఈయన తల ఊపుతూ నిలబడ్డాడు. వాళ్లు వెళ్లగానే గదికి పోయి, తలకి నూనె రాసి దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, పొదల మధ్య కూర్చున్నాడు. "తీయ్ ఫోటో. చెట్టు కంటే నేను బాగా పడాల" అన్నాడు. వినయం నటించే మనిషి కాదు. అందుకే ఆయనంటే నాకు మరీ ఇష్టం. ఎడారిలో ఇదే పొదని పదేళ్లు జీవాలకి మేపినవాడివి కదా అని నేను ఎగతాళి చేస్తే, మేపినవీ ఈ చేతులే, నాటినవీ ఈ చేతులే, రాసుకో అన్నాడు. రాస్తున్నాను.

కూతురికి తిరుపతిలో నర్సు ఉద్యోగం వచ్చిన నెలకి, పోయినేడాది, ఆయన వెళ్లిపోయాడు. చేట నాకు వదిలి వెళ్తాడనుకున్నాను. సంచిలో పెట్టేసుకున్నాడు. ఇది మా ఇంటిది, నువ్వొకటి కొనుక్కో అన్నాడు. నేను రాజమండ్రి నుంచి తెప్పించుకున్నాను. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకి ఎండు పూలు నలపడం నేనే నేర్పుతున్నాను.

మెసేజ్ విన్న ఆ పొద్దున బస్సు దిగి ఇంజనీరమ్మకి చెప్పాను. ఆవిడ చేతిలో కాగితాలు పక్కన పెట్టేసింది. తర్వాత, కంచె దగ్గరికి వెళ్దాం పద అంది. డిసెంబరులో మంచి వానలు పడ్డాయి, పొదలన్నీ పచ్చగా ఉన్నాయి. లోపలంతా తిరిగి, సముద్రం వైపు గేటు దాటి బయటికి వచ్చాం. కంచెకి అవతల, ఉత్త ఇసుకలో, ఆవిడ చటుక్కున వంగింది. రెండు వేళ్ల ఎత్తు మొలక. దాని పక్కన ఇంకొకటి. గాలికి తీగ సందుల్లోంచి కొట్టుకుపోయిన ఎండు పూలు ఇసుకకి రాసుకుని నలిగి, తిన్నెల అంచున పడి, వాటంతట అవే మొలిచాయి. ఎవరు నాటారని ఆవిడ అడిగింది. ఎవరూ నాటలేదన్నాను. ఎవరూ నీళ్లు కూడా పెట్టలేదన్నాను.

ఆవిడ సూపర్‌వైజరుని పిలిచి, కంచె ముందుకు జరపమంది. దానికి అనుమతి కాగితాలు రావాలంటే మూడు నెలలు పడుతుందని అతనన్నాడు. ఈలోగా ఒక ఒంటె వస్తే ఇవి ఒక్క ముద్ద కూడా కావు, కాగితాలు నేను చూసుకుంటాను, యల్లా, పదండి అని ఆవిడే మొదటి స్తంభం మీద చెయ్యి వేసింది. కొత్త కుర్రాణ్ణి ఒకణ్ణి కలుపుకుని నలుగురం స్తంభాలు పీకాం, తీగ చుట్టలు మోసుకెళ్లాం, మొలకలు ఎక్కడ ఆగాయో అక్కడికి ఇంకో పది అడుగులు కలుపుకుని పాతాం. సాయంత్రానికి పాత కంచె గుంతలు తోట మధ్యలోకి వచ్చాయి.