బస్సు పార్సెల్లో వచ్చిన ఒడిబియ్యం

అమ్మ పోయాక నాకు ఒడిబియ్యం పోసినవాళ్లు లేరు. ఈ మాట నేను కనిపించిన ప్రతి చుట్టానికీ చెప్పాను. విని విసిగినవాళ్లున్నారు. విసిగితే విసగనీ, జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

మా దిక్కు పెళ్లయిన ఆడబిడ్డను మూడేళ్లకో ఐదేళ్లకో పుట్టింటికి పిలుస్తారు. పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో ఆమె కొంగులో పోస్తారు. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ, చీర పెడతారు. ఆమె అందులోంచి ఐదు పిడికిళ్లు తిరిగి పుట్టింటికే ఇచ్చి, మిగిలింది మూట కట్టుకొని అత్తింటికి వస్తుంది. అమ్మ ఉన్నన్నాళ్లూ ఇది ఒక్కసారీ తప్పలేదు. అమ్మ తర్వాత ఆ పని తమ్ముడిది. వాడు రేగొండ దగ్గర మా ఊళ్లోనే ఉంటాడు, భూపాలపల్లి బొగ్గు బాయికి డ్యూటీకి పోయొస్తాడు. నేనుండేది డోర్నకల్‌లో. మా ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యాడు.

అమ్మ పోయిన మూడో ఏడు పిలుపు రాలేదు. ఐదో ఏడు కూడా సగం గడిచింది. నోరు తెరిచి అడిగే పని కాదిది. ఉండబట్టలేక మా చిన్నమ్మతో కబురు చెప్పించాను.

దానికి జవాబు జనగామలో, మేనమామ కూతురి గృహప్రవేశంలో దొరికింది. అందరం చేతుల్లో ప్లేట్లు పట్టుకొని తింటున్నాం. తమ్ముడు నలుగురు మగవాళ్ల మధ్య నిలబడి, "ఏందక్కా, ఒడిబియ్యం ఒడిబియ్యం అంటున్నవట. డోర్నకల్ల బియ్యానికి కరువొచ్చిందా? రేషన్ల సన్నబియ్యమే ఇస్తున్నరు గదా" అన్నాడు. నవ్వారు. కబురు మోసిన చిన్నమ్మ కూడా నవ్వింది. ఎవరెవరు నవ్వారో, ఎక్కడెక్కడ నిలబడి నవ్వారో ఇవాళ అడిగినా చెప్పగలను. ప్లేటులో వంకాయ కూర అట్లాగే వదిలేసి వచ్చాను.

తర్వాత కొన్నాళ్లకు మహబూబాబాద్ బస్టాండ్ నుంచి ఫోను వచ్చింది, మీకు పార్సెల్ ఉందని. మా ఆయన వెళ్లి తెచ్చాడు. పది కిలోల బియ్యం సంచి, పైన కవర్లో చీర. తమ్ముడు పంపాడు. ఒడిబియ్యాన్ని ఎవరైనా బస్సులో వేస్తారా? నేను సంచి మూతి విప్పలేదు.

మా ఆయన సంచి చుట్టూ నాలుగు రోజులు తిరిగి, "బియ్యం వచ్చినయ్, చీర వచ్చింది. ఇంకేం కావాలె నీకు?" అన్నాడు.

బియ్యం నాకు అవసరం కాదు. అది వాడికీ తెలుసు, ఈయనకూ తెలుసు. ఆకలికి ఎవరింటి బియ్యమైనా ఒకటే, దుకాణంలో తెచ్చుకున్నా కడుపు నిండుతుంది. నాకు కావలసింది ఈ లోకంలో ఒక్క మనిషి చేతుల్లోంచే రావాలి. అట్లాంటిదాన్ని కోరిక అని తీసిపారేస్తారు, లేకపోయినా బతకొచ్చు అంటారు. బతకొచ్చు, నిజమే. ఐదేళ్లు బతికాను కదా. అమ్మతోపాటు ఆ ఇంట్లో నేను కూడా పోయినట్టు బతికాను.

సంచిలో పురుగు పట్టింది. అది సంచి కుట్ల మీద పాకడం చూసి, ఇక ఆగలేదు. రైల్లో వరంగల్ దాకా, అక్కడి నుంచి భూపాలపల్లి బస్సులో రేగొండ దాకా సంచి, చీర కవరుతో సహా పోయాను. కండక్టర్ ఫ్రీ టికెట్ చింపి ఇస్తూ, ఊరికి బియ్యం తీసుకపోయేటోళ్లను ఇప్పుడే చూస్తున్ననని అన్నాడు. నేను సంచిని కాళ్ల దగ్గరికి జరుపుకున్నాను.

తమ్ముడు డ్యూటీ దిగి వచ్చి అన్నం ముందు కూర్చొని ఉన్నాడు. సంచి వాడి ముందు పెట్టాను.

"పోస్తే పొయ్యి. లేకుంటే నీ బియ్యం నువ్వు ఉంచుకో. మళ్ల రాను."

మరదలు వంటింటి గడపలో నిలబడిపోయింది. వాడు అన్నం కెలుకుతూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

"నాకు పొయ్యరాదక్కా. అమ్మ పోస్తుంటే సూసిన గని, ఏది ముందో ఏది ఎనుకో తెల్వది. జర తప్పు పోయిందనుకో, నువ్వు సచ్చేదాక యాది పెట్టుకుంటవు. నా పెండ్లిల నీకు పెట్టిన చీర అంచు చినిగిందని ఇప్పటికీ అంటనే ఉంటవు. సంచిల పంపితే తప్పేముంటదని పంపిన."

అంచు చినిగిన మాట నిజం. లేనిది నేను అనలేదు. కానీ జనగామలో అంతమంది ముందు ఆ మాట అన్నవాడు నాకు భయపడి అన్నాడని అప్పటిదాకా నాకు తోచలేదు. భయపడ్డా అనకూడని మాటే అది.

మరదలు ఇంట్లో కొత్త బియ్యం ఉన్నాయి, అవి కలుపుతానంది. నేను వద్దన్నాను. పంపినవే పోయాలి. ఆమె సంచి విప్పి, జల్లించి, పురుగు ఏరి, ఇంట్లో ఉన్న కుడుకలు తెచ్చింది. తమ్ముడు స్నానం చేసొచ్చి పళ్లెంలో పసుపు కలిపాడు. నేను పీట మీద కూర్చొని కొంగు పట్టాను. ఎంత కడిగినా వాడి అరచేతుల గీతల్లో బొగ్గు నలుపు అట్లాగే ఉంది. దోసిలి సందుల్లోంచి కొన్ని గింజలు కింద పడ్డాయి. చీర ముందు పెట్టాలా, కుడుకలు ముందు పెట్టాలా అని మరదలు వైపు చూశాడు. ఆమె కళ్లతోనే చెప్పింది. నేను చూడనట్టు కూర్చున్నాను. కొంగు మెల్లగా బరువెక్కింది. మెడ దగ్గర చీర లాగినట్టయింది. అమ్మ పోసినప్పుడు కూడా అక్కడే లాగేది.

ఐదు పిడికిళ్లు తీసి మరదలి చేతి పళ్లెంలో పోశాను. మూట కట్టుకున్నాను. తమ్ముడు బండి మీద రేగొండ బస్టాండుకు తెచ్చి దింపాడు. మూట తాను పట్టుకుంటానన్నాడు, నేను ఇవ్వలేదు. బస్సు కనబడ్డాక అడిగాడు.

"ఏమన్న తక్కువైందా అక్కా?"

చాలా తక్కువయ్యాయి. ఖర్జూరాలు లేవు. బియ్యం సగం తెల్లగానే ఉన్నాయి. శుభానికి పోసే బియ్యం అట్లా ఉండకూడదు.

"వచ్చేసారి పసుపు ఇంకింత కలుపు" అన్నాను.

"సరే" అన్నాడు వాడు.