సత్తువ మాత్ర

మొన్న తిరుపతిలో మందుల అంగడి ముందు నిలుచున్నప్పుడు, కాన్సరుకు చికిత్స పొందుతున్న భర్త కోసం వచ్చిన ఒక ఇల్లాలు మాత్రను చూచి, ఇది పిచ్చివాళ్ళకిచ్చే మందు కదా అని సందేహించగా, అంగడివాడు నవ్వి, వాంతులు ఆగడానికీ ఇదే ఇస్తారమ్మా అని చెప్పినాడు. ఆమె నమ్మి వెళ్ళిపోయినది. నా మనస్సు మాత్రం ఐరాలలోని మా మేనత్త యింటికి మరలినది.

అవి ఎనభైల తొలినాళ్ళు. చిత్తూరులో తెలుగు పండితుడిగా నాకు కొత్తగా ఉద్యోగమైనది. అత్తకు రొమ్ములో పుట్టిన వ్రణమును కోసివేసిన పిమ్మట, తమిళనాటి ఆసుపత్రిలో నెలనెలా నరానికి మందెక్కించేవారు. తోడు వెళ్ళేది నేనే. తిరుగు బస్సులోనే మొదలయ్యే వాంతులు గంజి సైతం కడుపులో నిలువనీయక ఆమెను శల్యావశిష్టను చేయుచుండగా, ఆ మందు మానితే వ్యాధి తిరగబెట్టునేమో, కొనసాగిస్తే ప్రాణమే నిలువదేమో యని ఇంటిల్లిపాదీ బిక్కుబిక్కుమంటూ ఉండేవారము.

డాక్టరు వాంతులకని ఒక మాత్ర వ్రాసినాడు. ఇంటికి వచ్చి దాన్ని అరచేతిలో వేసుకొనగానే అత్త ముఖం నల్లబడినది. మతి చలించిన తన మరిదికి ఏండ్ల తరబడి పెరుగన్నం ముద్దలో ఆమె పెట్టుచున్న మాత్ర అదే. సత్తువ మాత్ర నాయనా అని మభ్యపెట్టి మింగించేది. అంతకాలం ఆ అబద్ధాన్ని నోట నడిపిన మనిషి గనుక, అదే మాత్రకు మరొకరు చెప్పిన మరొక పేరును ఆమె నమ్మలేకపోయినది. వ్రణము తలకెక్కినదనీ, ఆ సంగతి తనకు దాచుచున్నారనీ నిశ్చయించుకున్నది.

"ఇది మింగి నేనూ వాడి మాదిరి గోడ సూస్తా కూసోవాలనా అబ్బీ? నేనింక ఆసుపత్రికి రాను" అన్నది.

ఒకే శబ్దానికి నానార్థాలున్నట్లే ఒకే మందుకూ పలు ప్రయోజనాలుండునని నేను నచ్చజెప్పబోయినాను.

"నీ పాఠం బళ్ళో సెప్పుకో పో."

నడవలో గోడవైపు తిరిగి కూర్చున్న ఆ మరిది, వారాల తరబడి పెదవి విప్పనివాడు, లేచి వచ్చి ఆమె చేతిలోని మాత్రను తీసుకున్నాడు.

"సత్తువ మాత్ర గాదని నాకు మొదట్నించీ తెలుసు వదినా. నోరెండతాది, నిద్దరొస్తాది. నువ్వు పెట్టినావని మింగినాను. ఇప్పుడు నేను పెడతా, నోరు తెరువు."

అత్త అతని ముఖంలోకి చూచి, నోరు తెరిచినది.

వాంతులు కొంత నెమ్మదించినవి. తక్కిన విడతలకు ఆమె మారుమాటాడక వచ్చినది. అయినను వ్రణము ఆగలేదు. మరుసటి వేరుశనగ పంట ఇంటికి చేరకముందే అత్త పోయినది. ఆనాటినుండి ఎవరు మాత్ర పెట్టబోయినా, వదిన పెడతాదిలే అని అతడు పళ్ళు బిగించుకొనేవాడు. ఒక ఉదయం చూడగా వాకిలి తెరిచియున్నది, అతడు లేడు. అటు తమిళనాటి సరిహద్దున ఉన్న తడ దాకా వెదకినా జాడ దొరకలేదు.

ఇప్పుడు మందుతోపాటే దాని గుణదోషాలన్నీ అచ్చువేసిన కాగితం వస్తున్నది. ఎవరూ ఎవరినీ మభ్యపెట్టనక్కరలేదు. మేలే జరిగినది. మన తరంవారము మాత్రం పెట్టే చేతిని చూచి మింగినవాళ్ళము. ఆ చేతులు ఒక్కొక్కటే వెళ్ళిపోయినవి. చేదు గొంతు దిగవలసిన వేళ ఎవరి ముఖం చూడవలెనో ఈ వయసులో నాకు తోచడం లేదు.