‘వస్తే’ అన్నది మా జేజి

నా చిన్నప్పుడు మా చిన్నాయన కాలు చెట్లు కోసే మిషనుకు చిక్కిన సంగతి మా వాళ్లలో ఎవరిని అడిగినా ఒకే రకంగా చెబుతారు. మిషను కొనేరోజున మా జేజి దాన్ని చూసి ‘కాలు మీదికొస్తది’ అనిందట. అన్నట్టే వచ్చిందట. ఆమె నాలుక మీద మచ్చ ఉందట. పెళ్లిలోనో కర్మలోనో నలుగురు కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు కొత్త బండి మాట ఎత్తుతారు, దాని వెనకాలే ఈ కథ వస్తుంది, అందరూ నవ్వుతారు. నేను నవ్వను. ఈ కథ చెప్పేవాళ్లలో ఒక్కరూ ఆరోజు అక్కడ లేరు. ఉన్నది జేజి, చిన్నాయన, మిషను అమ్మిన ఆసామి, నేను. జేజి పోయింది. ఆ ఆసామి దుకాణం ఎత్తేసి ఎటో వెళ్లిపోయాడు. చిన్నాయన ఉన్నాడు గానీ నోరు విప్పడు. కాబట్టి నేను చెబుతాను. ఆ నాలుక మీద మచ్చా గిచ్చా ఏమీ లేదు. చివరి రోజుల్లో ఆ నోట్లో మందు పోసినదాన్ని, నాకు తెలుసు.

మా ఊరు పుల్లలచెరువు వైపు, అడవి అంచున. మా నాయన తల్లిని మేం జేజి అనేవాళ్లం. ఆమెకు మేకలుండేవి. పొద్దున్నే గొడ్డలి భుజాన వేసుకుని వాటికి మండలు కొట్టుకురావడానికి పోయేది. గొడ్డలి ఎత్తే ముందు ఆమె చెట్టు వైపు చూసేది కాదు, తన కాళ్ల వైపు చూసుకునేది. దెబ్బ తప్పితే గొడ్డలి ఎటు వస్తుందో అంచనా వేసుకుని, ఆ దారిలో నుంచి కాలు తీసి పక్కన పెట్టుకుని, అప్పుడు ఎత్తేది. దండం పెట్టుకోవడం లాంటి ఆచారమేమో అనుకునేదాన్ని.

ఒక ఏడాది గాలివానకు మేకల దొడ్డి పక్కనున్న వేపచెట్టు కూలి గోడ మీద పడింది. కూలీలు ఇవాళ రేపు అంటూ జరిపారు. అప్పుడు పట్టుకుంది మా చిన్నాయనకు మిషను పిచ్చి. మార్కాపురంలో ఒక కట్టెల అడితిలో పాత మిషను అమ్మకానికి ఉందని విన్నాడు. ఈ వేపచెట్టు కోసేస్తే, ఆ తర్వాత ఎప్పుడన్నా కంప కొట్టుకోవడానికి ఇంట్లో పడి ఉంటుందన్నాడు. జేజి తానూ వస్తానంది. నాకు కొత్త పలక కొనిస్తానంటే నేనూ ఆమె కొంగు పట్టుకుని బస్సెక్కాను.

అడితి ఆసామి తాడు గుంజి మిషను లేపాడు. చెవులు గింగురుమన్నాయి. ఒక దుంగను వెన్నముద్దలా కోసి పడేశాడు. చిన్నాయన ముఖం అప్పుడు చూడాలి, పెళ్లిచూపుల్లో కూడా అట్లా వెలగలేదని మా అమ్మ తర్వాత అనేది. ఆయన అడిగింది ఒక్కటే, ఎంత లావు మాను కోస్తుందని. మాను కోసే ఆ చైను పళ్లు అరిగితే ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది, చెడితే ఎవరు బాగుచేస్తారు, ఇంతకాలం దీన్ని వాడినవాడు ఇప్పుడెందుకు అమ్ముతున్నాడు, ఇవేవీ ఆయనకు అక్కర్లేకపోయాయి.

జేజి మిషను ఆపించి, రెండు చేతులతో ఎత్తి చూసింది. ముందు పిడికి అవతల రెండు బెజ్జాలు ఖాళీగా ఉన్నాయి. వాటి మీద వేలు పెట్టింది.

“ఈడ ఏందో ఉండాల గదా నాయనా. ఊడిపోయినాదా?”

“అదేం పనికి రాదులే అవ్వా. చేతికి అడ్డమొస్తాందని తీసేసినాం.”

“కోసేది జూపిచ్చినావు. నిలబెట్టేది జూపీ మల్ల.”

ఆసామి నవ్వుతూ మళ్లీ లేపి, మీట మీద నుంచి వేలు తీసి, “ఇదో, వదిలితే అయిపాయె” అన్నాడు. మోత తగ్గింది. కానీ చైను నిలవలేదు, మెల్లగా పాకుతూనే ఉంది. జేజి తన మేకల కర్ర కొస దాని మీద ఆనించింది. చైను కర్రను కరుచుకుని, బెరడు లేపి, ఆమె చేతిలో నుంచి గుంజి పొట్టుకుప్పలోకి విసిరింది.

ఆసామి పగలబడి నవ్వాడు. “కర్ర చెక్కిపెట్టింది గదవ్వా, కూలి ఇచ్చి పో.”

జేజి నవ్వలేదు. కొడుకు వైపు తిరిగి, ఇదిగో ఈ మాట అంది. “చెయ్యి తీసినాంక గూడ తిరుగుతానే ఉందే. కాలు మీదికొస్తే ఏందిరా దీన్ని ఆపేది?”

వస్తే. మా జేజి ‘వస్తే’ అంది. అది ప్రశ్న. అడిగి ఊరుకోలేదు, కొడుకు ముఖంలోకి చూస్తూ జవాబు కోసం నిలబడింది కూడా.

“నువ్వు గమ్మునుండుమా. మేకలు గాసేదానివి, మిషన్ల సంగతి నీకేం తెలుసు?” అన్నాడు చిన్నాయన. ఆసామి నవ్వు ఇంకా ఆగలేదు. బేరం కుదిరింది.

తిరుగు బస్సులో మిషను గోనెసంచిలో చిన్నాయన మోకాళ్ల మధ్య ఉంది. వెనక సీట్లో జేజి నమిలినట్టున్న కర్ర కొసను నాకు చూపించి మెల్లగా చెప్పింది. “కోసేదాన్ని కొనేటప్పుడు ఎంత బాగ కోస్తదని అడగబాక. అది వాడే చెప్తాడు. ఎట్ల నిలుస్తదో అడుగు.” అప్పుడు అర్థమైంది నాకు, గొడ్డలి ఎత్తే ముందు ఆమె కాళ్లు ఎందుకు చూసుకునేదో. పలక కొనడం మాత్రం ఇద్దరం మరిచిపోయాం.

వారం లోపలే జరిగింది. పట్టపగలు, అందరం చూస్తుండగానే. చిన్నాయన ఒక కొమ్మ కోసి, మీట వదిలేసి, మిషను ఒంటిచేత్తో వేలాడేసుకుని మాను దాటబోయాడు. పాకుతున్న చైనుకు లుంగీ అంచు అందింది. బట్టతో పాటు పిక్కనూ లాక్కుంది. జేజి తన కోక చింపి కాలు బిగించి కట్టి, ట్రాక్టరు మీద మార్కాపురం తీసుకుపోయింది. కాలు దక్కింది, నడక దక్కలేదు. ఆయన ఈరోజుకీ ఆ పాదాన్ని ఈడ్చుకునే నడుస్తాడు.

ఆసుపత్రి వరండాలోకి చుట్టాలు వచ్చారు. ఎట్లా జరిగిందిరా అని అడిగారు. చిన్నాయన మంచం మీద నుంచి చెప్పిన మాట నేను విన్నాను. “అమ్మ ఆ పొద్దే అనింది.” అంతే. అనింది అన్నాడు గానీ అడిగింది అనలేదు. మిగతాది చుట్టాలు చూసుకున్నారు. వరండా దాటి ఊరు చేరేసరికి ‘వస్తే’ కాస్తా ‘వస్తది’ అయింది. మిషనుకు ఉండాల్సిన అడ్డం ఊడబీకి అమ్మిన మనిషిని ఎవరూ ఒక్క మాట అనలేదు. పెద్దదాన్ని నోరు మూసుకోమన్న కొడుకునూ అనలేదు. అందరికీ కోపం వచ్చింది చూసి చెప్పినదాని మీదే.

ఆ తర్వాత ఇంట్లో ఎవరు ఊరికి బయల్దేరినా, “నువ్వు లోపలుండు జేజీ, ఏమీ అనబాక” అనేవాళ్లు. ఎనుమును కొన్నా, బోరు వేయించినా, సంబంధం చూసినా ఆమెను పక్కకు పంపేవాళ్లు. కనిపించిన ప్రతిదాన్నీ తట్టి చూసి అడిగే మనిషి అడగడం మానేసింది. మరీ ఆగలేకపోతే నన్ను దగ్గరికి పిలిచి చెవిలో చెప్పేది. నేను పోయి గట్టిగా అడిగేదాన్ని. నాకు నోరెక్కువని పేరు వచ్చింది అట్లాగే. ఆ ప్రశ్నల్లో సగం ఆమెవి.

మొన్నీమధ్య మా తమ్ముడు బత్తాయి తోటలో ఎండుకొమ్మలు తీయడానికి చైన్ సా కొంటానని బయల్దేరాడు. నేనూ కారెక్కాను. “అక్కా, ఆడ ఏమీ అనొద్దు. అసలే జేజి నోరు నీది” అన్నాడు. ఆ ఒక్క మాటకు మార్కాపురం చేరేదాకా వాణ్ని వదల్లేదు.

దుకాణంలో వాడి చెయ్యి నేరుగా అన్నిటికంటే పొడుగు బ్లేడున్న దాని మీదికి పోయింది. బ్లేడు పొడుగూ మీసం పొడుగూ వాడికి ఒకటే. “ఏడాదికి నాలుగు కొమ్మలు కోసేదానికి అడవులు నరికేది ఎందుకురా” అన్నాను. ముందు ఎత్తి పట్టుకోమన్నాను. కాసేపటికే వాడి ముంజేయి వణికింది. చిన్నది తీయించాను. దుకాణదారు ఓపికగల మనిషి. కొత్త చైను ఇక్కడే దొరుకుతుందని, రిపేరు కూడా తామే చేస్తామని, ఎక్కువ రోజులు వాడకపోతే పెట్రోలు తీసేసి పెట్టాలని చెప్పాడు. ఎంత లావు మాను కోస్తుందో మేం అడగకుండానే చెప్పాడు.

“నిలబెట్టి చూపించండి” అన్నాను.

ఆయన మిషను లేపి మీట వదిలాడు. చైను ఠక్కున నిలిచింది, పాకలేదు. ముందు పిడికి అవతల ఒక అడ్డం ఉంది. దాన్ని ముందుకు నెట్టి, ఇది బ్రేకు మేడమ్, ఇట్లా నెడితే చైను బిగుసుకుపోతుంది అన్నాడు. రెండు బెజ్జాల్లో ఏముండాలో నాకు ఇన్నేళ్లకు తెలిసింది. జేజికి తెలియకుండానే పోయింది.

మిషను ఇంటికి తెచ్చామని చూడటానికి చిన్నాయన వచ్చాడు. చుట్టూ చేరినవాళ్లలో ఒకాయన అలవాటుగా మొదలుపెట్టాడు, “మీ జేజి ఉంటేనా, ఈపాటికి ఏదో ఒకటి అనుండేది” అని. నవ్వులు లేచాయి. నేను మిషను తీసుకుపోయి చిన్నాయన ముందు పెట్టి, ఆ అడ్డాన్ని చూపించాను. ఆయన దాని మీద వేలు పెట్టాడు, సరిగ్గా జేజి పెట్టిన చోటే. తర్వాత కర్ర అందుకుని లేచాడు.

కత్తిపీట కొన్నా, గ్యాసు పొయ్యి కొన్నా, ఎట్లా నిలుస్తుందో అడగకుండా నేను ఇంటికి తేను. ఇప్పుడు ఎవరి చెవిలోనూ చెప్పను, గట్టిగానే అడుగుతాను. అదే గొంతుతో, కర్ర అందుకుని గుమ్మం దాటుతున్న చిన్నాయననూ అడిగాను. ఆయన ఆగాడు గానీ వెనక్కి తిరగలేదు. ఆయనకూ వయసైపోయింది. పోయేలోపల ఒక్కసారన్నా, నలుగురు వింటుండగా దీనికి జవాబు చెప్పాలి.

చిన్నాయనా, ఆరోజు అడితిలో నీకు వినిపించింది ‘వస్తే’ అనా, ‘వస్తది’ అనా?