తలుపు లోపలి స్టిక్కర్లు

మా బావ పోయాడు. హోసూరులో లేత్ షెడ్డు నడిపిన మా అక్క మొగుడు. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే ఒరిగిపోయాడట. ఫోన్‌లో మా అక్క ఏడుస్తూనే హెచ్చరించింది: "బిన్నే రా తమ్ముడూ, ఆలస్యం చెయ్యొద్దు. ఆ కంప్యూటర్ డీలరూ వస్తాడేమో. శవం ముందర వానితో కొట్లాడొద్దు."

కొట్లాడలేదు. అంతకంటే మంచి పనే చేశాను.

మా వీధి అంగళ్లన్నింటికీ కంప్యూటర్లు అమ్మింది ఆ డీలరే. అంతా ఒరిజినలేనని చెప్పి సిస్టం తన చేత్తోనే ఎక్కించాడు. కొన్నాళ్లకు తెరలు నల్లబడి, ఇది దొంగ కాపీ అని చూపించసాగాయి. అప్పుడు మళ్లీ ఆయనే వచ్చి, పనివాళ్లందరి ముందు మా బావను నిలదీశాడు.

"దొంగ సరుకు పెట్టుకోని బిల్లులు ఏస్తా ఉండావప్పా. లైసెన్సు కొను. లేకుంటే రైడు వస్తాది, షెడ్డుకు బీగం పడతాది."

"ఎక్కించింది నువ్వే కదప్పా?"

"రుజువు ఉండాదా?"

రుజువు లేదు. ఆనాటి నుంచి బావ భోజనానికి కూర్చున్నప్పుడల్లా "నన్ను దొంగ అన్నాడే" అంటూ సంగటి ముద్దను ఎవరి పీకో నొక్కినట్టు నొక్కేవాడు.

ఆ మంటకు మందు కృష్ణగిరిలో దొరికింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి ఏదో షాఫ్టు ఇవ్వడానికి పోతే, అక్కడి గుమాస్తా ముసలి కంప్యూటర్‌లో లినక్స్ అనే వేరే సిస్టం నడుస్తోంది. కొనే పని లేదు, ఏటేటా కట్టే పని లేదు, ఎన్ని మిషన్లలో ఎక్కించుకున్నా అడిగేవాడు లేడు. బావ ఒక బుట్ట మామిడిపళ్లతో, జేబులో పెన్‌డ్రైవ్‌తో తిరిగొచ్చాడు. ఆ పళ్ల గురించి వేరే రాయాలి. మా అక్క ఇప్పటికీ ఆ రసాన్ని తలుచుకుంటుంది, పెన్‌డ్రైవ్ ఊసెత్తదు. సరే, దారికొస్తాను.

ముందు తన షెడ్డు, తర్వాత నా టైర్ల అంగడి, ఆపైన తళి నుంచి వచ్చే కూరగాయలు దించే మండీ, మందుల అంగడి. ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయాడు. బిల్లులకూ లెక్కలకూ అది చాలు. చెత్తలో వేసి కొత్తవి కొనమని డీలరు చెప్పిన పాత కంప్యూటర్ డబ్బాలు కూడా లేచి కూర్చున్నాయి. ఈ ముక్కలు రాస్తున్నది అలాంటి డబ్బా మీదే. పాత ప్రింటర్లు మాత్రం మొరాయించేవి. వాటిని ఆయన తిట్టే తిట్లు వినడానికే జనం చేరేవాళ్లు.

కూలి అడగడు. డబ్బా మీద డీలరు పేరున్న స్టిక్కరును గోటితో పదిలంగా ఊడదీసుకుపోయి, షెడ్డు బాత్రూమ్ తలుపుకు లోపలివైపు అంటించేవాడు.

"ఇంత పగ ఏంటికి బావా? వాని చొక్కా పట్టుకోని రెండు తగిలించరాదా?" అన్నాను.

"చొక్కా చిరిగితే ఇంకోటి కొనుక్కుంటాడు రా. గిరాకీ పోతే యాడ కొనుక్కుంటాడు?"

చివరికి ఒక్క అంగడి మిగిలింది. ఫ్లెక్సులు, పోస్టర్లు వేసే ఆవిడది. "నా డిజైన్లు దాంట్లో తెరుచుకోవన్నా. పెండ్లోళ్లు వచ్చి కూసుంటే నువ్వొచ్చి సమాధానం చెప్తావా?" అనేది. అందులో అబద్ధమేమీ లేదు. బావ డిజైన్ వేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఆవిడ కంప్యూటర్‌లో పెట్టి ఓపికగా నేర్పాడు. "చూస్తాం లేన్నా" అనేది. "ఆ యమ్మ స్టిక్కరు పడకుండా నేను పోను" అంటూ తలుపు నడిమధ్యన చోటు కూడా ఉంచాడు.

పోయాడు.

శవం షెడ్డు ముందర ఉండగా ఆవిడ కన్నీటి అంజలి పోస్టర్లు తెచ్చింది. వాటిలో బావ మొహం ఒక పక్కకు జరిగింది. "అన్న నేర్పిచ్చిన దాంట్లోనే చేసినానప్పా. ఫొటో కుదురుగా రాలా" అని, పిడికిలి విప్పింది. స్టిక్కరు. "ఇది యాడ అంటిచ్చేది?"

చూపించాను.

మధ్యాహ్నం డీలరు దండతో వచ్చాడు. మా వీధి చేజారాక ఫోన్ కవర్లు అమ్ముకుంటున్నాడు. దండ వేసి, "మంచి మనిషప్పా" అన్నాడు. కాసేపటికి నా చెవి దగ్గరకొచ్చాడు.

"అప్పా, షుగరు మనిషిని. బాత్రూమ్ యాడుంది?"

చెయ్యి పట్టుకుని నేనే తీసుకుపోయాను. లైటు కూడా వేశాను. "నింపాదిగా రా అప్పా" అన్నాను.

గడియ పడింది. బయట పలక డప్పులు మోగాయి, పాడె లేచింది. భుజం ఇవ్వడానికి పోతూ ఒకసారి వెనక్కి చూశాను. తలుపు కింద లైటు వెలుగుతూనే ఉంది. గడియ ఇంకా తీయలేదు.