బేరం కుదరని పది నిమిషాలు

పెట్రోలు బంకులో కూడా కొసరు రాబట్టగల మొనగాణ్ణి నేను. కొట్టులో గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి మరి. ఆ మధ్యాహ్నం, మేముంటున్న హిందీ ఊళ్లో, తిఫ్రా అనే పేటలోని బంకులో బండి ట్యాంకు అంచుదాకా పోయించి, పైపులో మిగిలిన చుక్కలు కూడా దులపమన్నాను. పెట్రోలు పొంగి, కాగిన ఇంజను మీదికి కారింది. దిగితే ఆలస్యమని నేను దించని మా ఆరేళ్ల పాప వెనక సీటు మీదే ఉంది.

స్టార్ట్ చేయబోయాను. వరసలో నా వెనకున్న పెద్దాయన చటుక్కున తాళం లాగి గుప్పిట్లో పెట్టుకున్నాడు. పాపతో నా మాటలు విన్నాడేమో, తెలుగులోనే అన్నాడు.

“ఏటి బాబూ, కాలిపోదావనా? ముందు పిల్లని దించు.”

ఇద్దరం బండిని అవతలికి తోశాం. ఆయన తన తువ్వాలుతో ట్యాంకు తుడిచాడు.

“ఎండకి పెట్రోలు పొంగుతాది. పైన రెండు వేళ్ల ఖాళీ వదలాల. ఇదంతా ఆరీదాకా తాళం ఇవ్వను. పది నిమిషాలు.”

“అయిదు చెయ్యండి బాబాయ్.”

“దీనికి బేరం లేదు.”

పదకొండో నిమిషంలో తాళం ఇచ్చాడు. తువ్వాలుకు డబ్బిస్తానంటే నవ్వి వెళ్లిపోయాడు.

ఆ రోజు లెక్క ఇది. నేలపాలైన పెట్రోలు, మహా అయితే ఇరవై రూపాయలు. పాడైన తువ్వాలు ఒకటి, అదీ నాది కాదు. పాప గౌను అంచు కూడా కమరలేదు.