ఆ పరీక్షకు నేను వెళ్ళలేదు

ఒక పరీక్ష రోజును ఏళ్ళ తరబడి మోస్తున్నాను. అది నా పరీక్ష కాదు. నా చేత్తో రాయాల్సిన పరీక్ష, అంతే. ఈ సంగతి నా భార్యకు తెలియదు. మా అమ్మకు సగం తెలుసు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను. మనుషుల పేర్లు మార్చాను. మిగతాదేదీ మార్చలేదు.

మాది పద్మనాభం దగ్గర ఒక ఊరు. వరి పండించుకునే కుటుంబం. డిగ్రీ చదవడానికి రోజూ బస్సెక్కి విశాఖపట్నం వచ్చేవాణ్ణి. ఆ బస్సులో నిలబడి నేను ఆలోచించేది ఒకటే: నన్ను నలుగురూ గుర్తించాలి. ఏ పని చేసి అన్నది నాకంత ముఖ్యం కాదు. మైకు ముందు నిలబడి మాట్లాడేవాళ్ళను చూస్తే, వాళ్ళ చోట నేనుంటే ఎలా ఉంటుందో అని ఊహించుకునేవాణ్ణి. మా లెక్చరర్ ఒకాయన తరచూ చెప్పేవారు, పెద్ద కోరిక ఉన్నవాడు ముందు పక్కవాడికి పనికొచ్చే చిన్న పని ఒకటి మొదలుపెట్టాలనీ, ఆ పనే వాణ్ణి పైకి తీసుకెళ్తుందనీ. ఆయన మంచి మనసుతోనే చెప్పారు. నేను అందులో రెండో సగం మాత్రమే విన్నాను.

ఆ చిన్న పని నాకు పరీక్షల రోజుల్లో దొరికింది. చూపు లేని విద్యార్థులు నోటితో చెబుతుంటే పక్కన కూర్చుని జవాబులు రాసేవాళ్ళు కావాలి. స్క్రైబ్ అంటారు. రాసేవాడు ఆ విద్యార్థి కన్నా కింది క్లాసులో ఉండాలి, పేరు ముందే కాలేజీలో ఇవ్వాలి. డబ్బులేమీ రావు కాబట్టి ఎవరూ ముందుకొచ్చేవారు కాదు. నేను నా క్లాసువాళ్ళను పోగేశాను. జూనియర్లను బతిమాలాను. పాఠాలు చదివి ఫోన్లో రికార్డు చేసి ఇవ్వడం కూడా మొదలుపెట్టాం. ఆ పని మంచిది. ఈ మాట నన్ను నేను వెనకేసుకు రావడానికి అనడం లేదు. మా వల్ల కొందరు పాసయ్యారు, ఉద్యోగాలు తెచ్చుకున్నారు. అది నిజం. నేను చెప్పబోయేదీ నిజం. రెండూ నా జీవితంలో పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్ని ఒకటి చెరిపేయకుండా.

నేను రాసింది నూకరత్నం అనే అమ్మాయికి. విశాఖకు అవతల, కొండ వెనక ఉన్న యారాడ నుంచి వచ్చేది. సముద్రం మీద బతికే ఇల్లు. నాకంటే ఒక ఏడాది సీనియర్. నేను అక్కా అనేవాణ్ణి, తను తమ్ముడూ అనేది. వాళ్ళన్నయ్య ఎల్లాజీ ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు మీద పనిచేసేవాడు. ఒడ్డున ఉన్న రోజుల్లో చెల్లెల్ని చెయ్యి పట్టుకుని కొండ దాటించి, బస్సులు మార్చి, కాలేజీ గేటు దాకా తెచ్చేవాడు. అతనూ నన్ను తమ్ముడూ అనే పిలిచేవాడు.

రత్నానికి సోషల్ టీచర్ కావాలని ఉండేది. చరిత్ర అంటే ప్రాణం. జవాబు చెప్పేటప్పుడు గబగబా చెప్పేది, నా చెయ్యి అందుకునేది కాదు. పేరా మారితే బల్ల మీద వేలితో చిన్నగా కొట్టేది. తన రెండో ఏడాది పేపర్లు చాలావరకు నేనే రాశాను. తన మాట వేగం నా చేతికి అలవాటైంది, నా రాత వేగం తన నోటికి అలవాటైంది.

తన ఫైనలియర్‌లో చివరి పేపరు చరిత్ర. దానికి రెండ్రోజుల ముందు నాకు కబురొచ్చింది. విద్యార్థి సేవా కార్యక్రమాలు నడిపేవాళ్ళలో కొందరిని ఢిల్లీలో శిక్షణకు ఎంపిక చేస్తారట. విజయవాడ రావాలట. రోజు కూడా చెప్పారు. అదే రోజు.

ఇక్కడ నేను నెమ్మదిగా చెప్పాలి. ఇన్నేళ్ళలో ఈ భాగాన్ని నాకు నేను చాలా రకాలుగా చెప్పుకున్నాను.

నా బదులు ఇంకొకరిని పంపొచ్చు. మా గుంపులో జూనియర్లు ఉన్నారు. ఎవరిని అడిగినా వెళ్ళేవారు. ప్రిన్సిపాల్‌కు ఒక మాట చెప్పి పేరు మార్పించుకుంటే సరిపోయేది. నేను ఎవరినీ అడగలేదు. ఎందుకడగలేదు? మరిచిపోయానా? లేదు. ఆ రెండ్రోజులూ వేరే ఏదీ ఆలోచించలేదు. అడిగితే, పరీక్ష ఉన్న రోజున నేను విజయవాడ వెళ్తున్నానని అందరికీ తెలుస్తుంది. ఈ పని మొదలుపెట్టినవాడే పని వదిలేసి పోయాడని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట ఎంపిక చేసేవాళ్ళ చెవిన పడితే? ఇదీ నా లెక్క. రత్నం ఆ లెక్కలో లేదు. కాలేజీవాళ్ళే అప్పటికప్పుడు ఎవరినో ఒకరిని చూస్తారులే అని పైకి అనుకున్నాను. చూడరని నాకు తెలుసు. చూడరనే కదా నేను ఈ గుంపును పెట్టింది.

రైలెక్కాక ఫోన్ ఆపేశాను.

విజయవాడలో ఒక హాల్లో ముగ్గురు కూర్చుని ప్రశ్నలడిగారు. వాళ్ళలో ఒకావిడ అడిగింది, రాయాల్సిన మనిషి ఆఖరి నిమిషంలో రాకపోతే మీరేం చేస్తారు అని. గోడ మీద గడియారం ఉంది. అటు చూడకూడదనుకుంటూనే చూశాను. విశాఖలో పరీక్ష జరుగుతున్న వేళ అది. "మా దగ్గర అలా జరగదు మేడమ్" అన్నాను. తడుముకోలేదు. ఆవిడ తల ఊపి ఏదో రాసుకుంది. నేను ఎంపికయ్యాను.

సాయంత్రం స్టేషన్‌లో ఫోన్ ఆన్ చేస్తే రత్నం కాల్స్ వరసగా ఉన్నాయి. చేయక తప్పలేదు. ఏం చెప్పాలో అప్పటికి అనుకోలేదు. అబద్ధం దానంతటదే నోట్లోకి వచ్చింది. మా అమ్మకు ఉన్నట్టుండి ఒంట్లో బాగోలేదని, పెద్దాసుపత్రికి తీసుకొచ్చామని చెప్పాను. అవతల రత్నం, "అయ్యో, ముందే సెప్పొచ్చు కదా తమ్ముడూ. అమ్మకి ఎలాగున్నాది?" అంది. హాలు బయట బెంచీ మీద కూర్చున్నానని, ఎవరూ దొరకలేదని, టైమైపోయిందని గేటు వేసేశారని చెప్పింది. చెప్పి, "పరీచ్చ మళ్ళీ రాసుకోవచ్చులే. అమ్మని సూసుకో" అంది.

అక్కడితో ఆగిపోయినా ఇది మామూలు అబద్ధమే అయ్యేది. అలాంటివి అందరూ ఆడతారు, మరిచిపోతారు.

వారం తిరక్కుండా ఒక ఆదివారం పొద్దున్న అన్నాచెల్లెళ్ళిద్దరూ మా ఊళ్ళో బస్సు దిగారు. అడుగుతూ అడుగుతూ మా ఇంటికొచ్చారు. ఎల్లాజీ చేతిలో సంచి. అందులో ఐసు ముక్కల మధ్య పాలసొర చేప. నీరసపడ్డ మనిషికి సత్తువ వస్తుందని హార్బర్‌లో ఎంచి తెచ్చాడట. నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. లేచి నిలబడ్డాను.

అప్పుడే మా అమ్మ పొలం నుంచి వచ్చింది. నెత్తి మీద తన ఎత్తున గడ్డిమోపు. చీర పైకి దోపుకుని, చకచకా నడుస్తూ వచ్చి, మోపును పశువుల సాల ముందు ధన్‌మని పడేసింది. ఎల్లాజీ ఆమెను చూశాడు. తరువాత నన్ను చూశాడు.

రత్నం ఆ చప్పుడు విని అటు తిరిగింది. "అమ్మేనా? లేసి తిరుగుతన్నారా అమ్మా? ఆసుపత్రిలో ఉన్నారంటే బయమేసింది."

అమ్మ నా ముఖంలోకి చూసింది. ఎంతసేపని చెప్పను? నాకు చాలాసేపు అనిపించింది. బయటివాళ్ళకు అదేమీ తెలిసి ఉండదు. చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్ళి రత్నం చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు పర్లేదమ్మా. ఆ రోజు ఏటో అలగయిపోనాది. ఎండన పడి వొచ్చినారు, రా, కూకో" అంది.

చేప వండి వాళ్ళకు అన్నం పెట్టింది. రత్నం అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పింది. ఏ మందులు ఇచ్చారంటే, తెలీదమ్మా, అబ్బాయే సూసుకున్నాడు అంది. వాళ్ళు వెళ్ళాక కూడా నన్ను ఏమీ అడగలేదు. ఆ రోజే కాదు, ఎప్పుడూ అడగలేదు. తిట్టినా బాగుండేది. తన కొడుకు అబద్ధమాడాడని తెలుసుకోవడమే కాదు, ఆ అబద్ధాన్ని తన నోటితో నిలబెట్టాల్సి వచ్చింది ఆమెకు. రత్నానికి చేసిన తప్పు పెద్దదా, అమ్మ చేత చేయించిన తప్పు పెద్దదా? కొన్నాళ్ళు ఇది, కొన్నాళ్ళు అది అనిపిస్తుంది.

బస్సు దగ్గరకు నేనే తీసుకెళ్ళాను. రత్నాన్ని షెల్టర్‌లో కూర్చోబెట్టి ఎల్లాజీ నన్ను కొంచెం అవతలికి పిలిచాడు.

"మీయమ్మకేటీ అవనేదు కదా?"

ఏమీ కాలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"ఎక్కడికెల్లినావు?"

"విజయవాడ."

ఎందుకని అడగలేదు. రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. కోపంగా కూడా లేడు. "దానికి సెప్పకు బాబూ" అన్నాడు. తమ్ముడూ అనలేదు. "కాలేజీలో నన్ను పట్టించుకున్నోడు నువ్వొక్కడివేనని ఇంట్లో రోజూ సెప్తాది. అదీ అబద్దమని తెలిస్తే మరి గుమ్మం దాటదు. నీకోసం కాదు నాను దాస్తన్నది. దానికోసం."

సరేనన్నాను. బస్సొచ్చింది.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సిగ్గు కంటే ముందు ఊరట కలిగింది. చెప్పొద్దని అతనే అన్నాడు. ఇంక నేను చెప్పకపోవడం తప్పు కాదు, మాట నిలబెట్టుకోవడం. ఆ మాట చాటున నేను చాలా ఏళ్ళు హాయిగా ఉన్నాను.

మిగిలిపోయిన పేపరు మళ్ళీ పెట్టినప్పుడు నేను ఢిల్లీలో ఉన్నాను. ఎల్లాజీ బోటు మీద సముద్రంలో ఉన్నాడట. కొండ దాటించి తీసుకొచ్చేవాళ్ళు లేరు. నేను లేకపోయేసరికి మా గుంపు కూడా చెదిరిపోయింది. ఆ తరువాత రత్నం ఆ పరీక్ష రాయలేదని విన్నాను. డిగ్రీ ఆ ఒక్క పేపరు దగ్గర ఆగిపోయింది. డిగ్రీ లేకుండా బీఈడీ లేదు. ఇప్పుడు ఒక ఐస్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఫోన్లు ఎత్తే పనిలో ఉందట. ఆ పని తక్కువదేమీ కాదు. తను కోరుకున్నది కాదు, అంతే. ఆ రోజు నేను వెళ్ళి ఉంటే రత్నం టీచర్ అయ్యేదా? ఏమో. ఎంట్రన్స్ తప్పేదేమో, సీటు వచ్చేది కాదేమో. భారం తగ్గించుకోవడానికి నేను ఈ ప్రశ్న వేసుకుంటానని నాకు తెలుసు.

నాకు మాత్రం అన్నీ వరసగా కలిసొచ్చాయి. విశాఖలోనే ఒక కంపెనీలో సేవా కార్యక్రమాలు చూసే ఉద్యోగం నాది. కాలేజీలవాళ్ళు పిలుస్తారు. విద్యార్థులకు నా కోరికను పనిగా ఎలా మార్చుకున్నానో చెబుతాను. స్క్రైబ్‌ల గుంపు కథ చెబుతాను. అందులో రత్నం ఉంటుంది, బల్ల మీద వేలితో కొట్టడం కూడా ఉంటుంది. అక్కడ పిల్లలు నవ్వుతారు. చివరి పేపరు ఉండదు.

ఈ మధ్య ఒక కాలేజీలో ఒక అమ్మాయి లేచి అడిగింది, "ఆవిడ ఇప్పుడేం చేస్తున్నారు సార్?"

"టీచర్‌గా ఉన్నారు" అన్నాను. చప్పట్లు కొట్టారు.

విజయవాడ హాల్లో వచ్చినంత తేలిగ్గానే వచ్చింది ఆ మాట. ఇన్నేళ్ళ తరువాత కూడా. అదే నన్ను భయపెట్టింది. ఆ వారమే తెల్లవారుతుండగా ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళాను. చేపల వేలం జోరుగా ఉంది. ఎల్లాజీని గుర్తుపట్టడానికి కొంచెం టైం పట్టింది. జుట్టు నెరిసింది. అతను నన్ను వెంటనే గుర్తుపట్టాడు. ఆ రోజు ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోవడానికి వచ్చానని, ఇప్పుడైనా రత్నానికి నిజం చెబుతానని అన్నాను.

అతను అర్థం కానట్టు చూశాడు. "నాను సెప్పేసి శానా ఏళ్ళయిపోనాది బాబూ. నువ్వు డిల్లీ ఎల్లినప్పుడే. పరీచ్చ మళ్ళీ పెడతన్నారు, నీకు కబురెడతానంటే సెప్పాను."

"ఏమంది?"

"ఏటీ అన్నేదు. ఫోన్లోంచి నీ నంబరు తీసీమన్నాది." వేలం పిలుపు వినబడి అటు వెళ్ళిపోయాడు.

అంటే ఇన్నేళ్ళూ నేను ఎవరి నమ్మకాన్ని కాపాడుతున్నాననుకున్నాను? కాపాడటానికి అక్కడేమీ లేదు. మళ్ళీ పరీక్ష పెట్టినప్పుడు ఎవరో లేక మానుకుందా, ఎవరినీ అడగబుద్ధి కాక మానుకుందా? నాకు తెలియదు. అడిగే హక్కు ఎక్కడో పోయింది. వెళ్ళి క్షమించమంటే నా బరువు దింపుకోవడానికి మళ్ళీ తననే వాడుకున్నట్టవుతుందనిపించింది. వెళ్ళలేదు. ఇది పిరికితనం కాదని కూడా గట్టిగా అనలేను.

నిన్న ఇంకో కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. వాలంటీర్ల గుంపును నడిపే అమ్మాయి. వచ్చే వారం మాట్లాడాలని, ముఖ్యంగా టీచర్ అయిన ఆ చూపు లేని మేడమ్ గురించి చెప్పాలని అడిగింది.

"ఆవిడ టీచర్ కాలేదమ్మా" అన్నాను. "చివరి పరీక్షకు నేను వెళ్ళలేదు. వేరే చోట నాకు పేరొస్తుందని వెళ్ళాను. మా అమ్మకు బాగోలేదని అబద్ధం చెప్పాను."

అవతల ఆ అమ్మాయి, "సారీ సార్, సిగ్నల్ సరిగా లేదు. ఏటన్నారు?" అంది.

ఏమీ లేదమ్మా అనొచ్చు. నోటిదాకా వచ్చింది.

మళ్ళీ చెప్పాను. ఈసారి కొంచెం నెమ్మదిగా, ప్రతి మాటా వినబడేలా.